శేషాచలం కోటు

“కోటు ఇవ్వండి సార్,” అన్నాడు కుర్రాడు.

గోపాలరావు వినిపించుకోలేదు. అద్దం ముందు కూర్చుని తీరిగ్గా మీసం దువ్వుకుంటున్నాడు. బూడిదరంగు కోటుకి గుండీలన్నీ పెట్టుకున్నాడు, నల్లబూట్లు తొడుక్కున్నాడు. డిటెక్టివ్ శేషాచలం అంటే ఆ కోటూ ఆ బూట్లే. పదకొండేళ్ళు సోమవారం సాయంత్రమయ్యేసరికి జనం పనులు మానుకుని టీవీ ముందు కూర్చున్నారంటే వాటి మహిమే.

“ఎవరితను?” అని మహిపాల్‌ని అడిగాడు.

మహిపాల్ ప్రొడక్షన్ మేనేజరు. సీరియల్ మొదలైన నాటినుంచీ నాచారం స్టూడియోకి ఆయన్ని తీసుకెళ్ళేదీ తీసుకొచ్చేదీ అతనే. కంపెనీకి పొదుపు ముదిరిందో ఏమో, ఈమధ్య కారు మానేసి ఆటో తనే నడుపుకుంటూ వస్తున్నాడు.

“కొత్త హీరో సార్. పేరు తేజేష్. గీ సోమవారం నుంచి డిటెక్టివ్ ఈయననే. డైరెక్టర్ సాబ్ మీకు చెప్పమన్నడు.”

గోపాలరావు దువ్వెన పక్కన పెట్టాడు. కొన్నాళ్ళుగా అనుమానంగానే ఉంది. తయారై కూర్చోవడమే గానీ షాట్‌కి పిలుపు లేదు. ఉండబట్టలేక తనే స్టూడియోకి నడిచి వెళ్తే లోపల పెళ్ళి సెట్టు వేసి ఉంది, పలకరించిన పాపాన ఒక్కడూ పోలేదు. మొన్న ఉప్పల్ చౌరస్తాలో ఔట్‌డోర్ అయితే మరీ అన్యాయం. బస్సుకి ఎదురెళ్ళే షాట్ మధ్యలో ట్రాఫిక్ పోలీసు వేషగాడొకడు రెక్క పుచ్చుకుని పక్కకి లాగి, నానా మాటలూ అన్నాడు. హీరోతో నడుచుకునే తీరేనా అది?

“నన్ను తీసేస్తున్నారన్నమాట.”

మూల నిలబడి చొక్కా మడతపెడుతున్న కమల తల వంచుకుంది. కాస్ట్యూమ్స్ చూసేది ఆవిడే.

“సరే. అయితే శేషాచలాన్ని చంపేయండి,” అన్నాడు గోపాలరావు.

“గట్లంటరేంది సార్!”

“సీరియల్ పద్ధతి నీకు తెలియనిదా మహిపాల్? నటుడు మారితే గోడకి ఫొటో, ఫొటోకి దండ, ముందు రెండు అగరొత్తులు. పాతవాడు ఎక్కడో బతికే ఉన్నాడంటే జనం కొత్తవాణ్ణి ఒప్పుకోరయ్యా. ఎప్పుడొస్తాడా అని తలుపు వంకే చూస్తుంటారు. వెళ్ళు, నా ఫొటో తెప్పించు. బంతిపూల దండ తెప్పించు.”

“దండ వద్దు!”

కళ్ళనీళ్ళతో అరిచింది కమల. చేతిలో చొక్కా జారి కింద పడింది. “ఆ ఫొటోకి దండ వేస్తే నేను ఊరుకోను. రిటైరయ్యారని చెప్పండి. ఇంకేదైనా చెప్పండి. దండ మాత్రం వద్దు.”

గోపాలరావు తెల్లబోయాడు. చొక్కాలు ఇస్త్రీ చేసే మనిషికి కథలో వేలుపెట్టే హక్కెక్కడిది? అయినా కోపం రాలేదు. ఇన్నేళ్ళు తన బట్టలు చూసిన చెయ్యి, మమకారం ఉండదా? యూనిట్ మొత్తంలో తనకోసం కన్నీళ్ళు పెట్టుకున్నది ఈవిడొక్కతే. పాపం అనిపించింది.

“కమలక్క చెప్పింది మంచిగనే ఉంది సార్,” అన్నాడు మహిపాల్. “రిటైరైతున్నడని పెడదం. మీ చేతులతోటి కోటు కొత్తాయనకు అప్పజెప్తరు. గదే సీను. జనం మస్తు ఏడుస్తరు.”

గోపాలరావు కిటికీలోంచి చూశాడు. దూరంగా ఉప్పల్ స్టేడియం వైపు ఆకాశంలోకి లేచి నిలబడ్డ పెద్ద పెద్ద లైట్ల స్తంభాలు. తన సీనుకి ఏనాడైనా అన్ని లైట్లు కట్టారా? కొత్త హీరో కోసం కాబోలు.

“డిటెక్టివ్‌కి ముందు కావలసిందేమిటి?” అని కుర్రాణ్ణి గద్దించాడు.

“చూపు సార్. మొహం చూడగానే ఎదుటి మనిషెవరో తెలిసిపోవాలి.”

అది శేషాచలం మాటే. “ఎక్కడ నేర్చుకున్నావు?”

“మీ దగ్గరే సార్. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను.”

అభిమానులంతా అనే మాటే. కానీ వీడి గొంతు వణికింది, ఆ వణుకు నటన కాదని గోపాలరావు ఇట్టే పసిగట్టాడు. శేషాచలం కంట పడకుండా ఏదీ పోదు మరి.

“యాక్షన్,” అన్నాడు మహిపాల్ మెల్లగా.

గోపాలరావు లేచాడు. కోటుకి మూడో గుండీ ఎప్పుడూ మొరాయిస్తుంది. కుర్రాడు దగ్గరికొచ్చి, దానివైపు చూడకుండానే కిందినుంచి పైకి నొక్కి తీసేశాడు. ఆ కిటుకు కమలకి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడే చెప్పి ఉంటుంది.

“ఇకనుంచి కేసులన్నీ నీవే బాబూ,” అంటూ గోపాలరావు కోటు అందించాడు. “శేషాచలానికి ఇక పని లేదు. ఇంటిపట్టున ఉంటాడు.”

“బూట్లు కూడా సార్.”

“బూట్లెందుకు? నీ కాలికి పట్టవు.”

“కావాలి సార్.”

కుర్రాడు కింద కూర్చుని లేసులు విప్పాడు. కన్నీళ్ళు టపటపా బూట్ల మీద పడ్డాయి. గ్లిజరిన్ లేకుండానే ఏడుస్తున్నాడు, పైకొస్తాడు అనుకున్నాడు గోపాలరావు. వాడి తల నిమిరాడు.

“మళ్ళీ నన్ను షూటింగుకి పిలవరు కదూ?”

“పిలవరు సార్. మీరు రానక్కర్లేదు.”

“కట్,” అని మహిపాల్ అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

గోపాలరావు వట్టికాళ్ళతో మంచమ్మీద వాలి, గోడవైపు తిరిగి ఏడ్చాడు. పదకొండేళ్ళ బతుకు ఒక్క టేకులో అయిపోయింది. కొంతసేపటికి వెనకనుంచి బీరువా తలుపు తీసిన చప్పుడైంది. తల తిప్పి చూశాడు. కుర్రాడు కోటూ బూట్లూ లోపల పెట్టి తాళం వేస్తున్నాడు. అంత ఏడ్చి తీసుకున్నవాడు ఒక్కసారైనా తొడుక్కోకుండా తాళమెందుకు వేశాడో శేషాచలానికి అంతుపట్టలేదు.

కుర్రాడు తాళంచెవి కమల చేతిలో పెట్టాడు.

“ఇక నాన్న రోడ్డు మీదికి వెళ్ళరమ్మా.”