చెయ్యి ఊనకుండా

మీ అమ్మ తుఫాను షెల్టర్లో ఒంటికాలి మీద నిలబడి యోగా చేస్తోందట, చూసినవాళ్ళు నవ్వుతున్నారట అని పక్కింటి గౌరి దిలీప్‌కి కబురు మోసుకొచ్చింది.

“ఇంకో పదిహేనేల్లు ఈ మోకాల్లు ఆగుతాయా బాబూ అని మాస్టార్ని అడిగిందట మరిదీ! ఆయనా నవ్వాడట. నాకైతే నవ్వు రానేదు. నీకు కిడ్నీ ఇవ్వడానికే కదేటి ఈ తంటా అంతా? ఊరంతా అదే మాట.”

అనేసి మంచినీళ్ళ క్యాను ఎత్తుకుని పోయింది. దిలీప్ అరుగు మీద అలాగే ఉండిపోయాడు. పలాసలో డయాలసిస్ చేయించుకున్న మర్నాడు అతని ఒళ్ళు పిండేసిన గుడ్డలా ఉంటుంది. ఈ పూట మాత్రం లేచి నాలుగడుగులు వెయ్యాలనిపించింది.

నిరుడు వైజాగ్‌లో పరీక్షలయ్యాక, “నాకు బీపీ ఎక్కువట, కిడ్నీ తియ్యరట” అని చెప్పింది అమ్మే. ఆ మర్నాటి నుంచే ఉప్పుచేప మానేసింది. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ పట్టేసిన మోకాళ్ళతో, కాశీబుగ్గ నుంచి వచ్చే యోగా మాస్టారి ముందు కూర్చుంది. మొదట్లో గోడ పట్టుకుంటే గాని లేవలేకపోయేది. ఇప్పుడు దిలీప్ కూతురు భవానిని చంకనేసుకుని, చెయ్యి ఊనకుండా లేస్తోంది. పురిట్లోనే తల్లి పోయిన పిల్ల. మూడేళ్ళొచ్చినా నాన్నమ్మ చంక దిగదు.

అమ్మ నాగమణి షెల్టర్ నుంచి వచ్చింది. చెమట తుడుచుకుని, పిల్లకి చద్దన్నం కలుపుతూ కూర్చుంది.

“అమా, బీపీ సూపించావా?”

“సూపించాను. తగ్గిందన్నారు.”

“మోకాల్లు?”

“అవీ మాటింటన్నాయి.”

కన్నతల్లి ఒంట్లోది కోసిమ్మని ఏ నోటితో అడుగుతాడు?

“మరైతే... వైజాగ్ ఎప్పుడెల్దుము?”

“ఎందుకు?”

“కిడ్నీకి.”

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

“నీకెవుల్ సెప్పార్రా?”

“ఊరంతా సెప్తన్నారు.”

“నాది నీకు పడదని డాక్టరు అప్పుడే సెప్పీసాడు నాయనా. నువ్వు బెంగెట్టుకుంటావని బీపీ అన్నాను.”

దిలీప్ తన చేతి మీద డయాలసిస్ సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిన నరం కేసి చూసుకున్నాడు.

“మరి ఈ యోగా అంతా ఎవుల కోసమే?”

నాగమణి ముద్ద చేసి భవాని నోట్లో పెట్టింది.

“నువ్వు పోయాక దీన్ని పెంచాల కదరా.”