పద్మనాభన్ పేరుకు ఎసరు

"ఆ పేరు తీసెయ్యి అభినయా. దాంతో ఇంక నావల్ల కాదు."

"ఏ పేరత్తా?"

"అదేనమ్మా, ప్యాకెట్ మీద ఉండేది."

వంటింట్లోంచి భార్య అలమేలు మాటలు వినపడగానే పద్మనాభన్ చేతిలో కాఫీ లోటా నోటిదాకా పోకుండా ఆగిపోయింది. తమిళనాడు ధర్మపురిలో ఆయన ఇంట్లో తయారై, ఇంటర్నెట్ అంగట్లో ఊరూరికీ అమ్ముడుపోతున్న ఇడ్లీ పొడి, పప్పు పొడి, పులిహోర పొడి... అన్ని ప్యాకెట్ల మీదా ఉండే పేరు ఒక్కటే. పద్మనాభన్.

పొడులు కొట్టించేది అలమేలు. వ్యాపారం రిజిస్టరైంది కూడా ఆమె పేరు మీదే. కంప్యూటర్ పనంతా కోడలు అభినయది. పద్మనాభన్ ఇచ్చిందల్లా పేరొకటి. ఆ ఒక్కదానికే ఆయన మీసం పైకి లేచింది, మళ్లీ కిందికి దిగలేదు. పొద్దున లేవగానే కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలు ఫోన్లో చదువుకునేవాడు. 'పద్మనాభన్ లేనిదే మా ఇంట్లో ఇడ్లీ దిగదు' అని పుణేలో ఎవరో రాస్తే, దాన్ని చుట్టాలందరికీ పంపించాడు. చూడనివాళ్లకు ఫోన్ చేసి మరీ చూడమన్నాడు.

ఇప్పుడు ఆ పేరు పీకేస్తారట.

"కొత్త పేరు ఏమి పెడతావు?" అన్నాడు, వంటింటి గుమ్మం దాకా పోయి.

"వత్తల్‌మలై," అంది అలమేలు, పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే.

ఊరి పక్కనుండే కొండ అది. పొడుల్లోకి మిరియాలు అక్కడినుంచే వస్తాయి, కాదనలేం. అయినా కట్టుకున్న మొగుణ్ణి దించి కొండను ఎక్కించడం ఏం న్యాయం?

"అంత సులభం కాదత్తా," అంది అభినయ. "ఇప్పటికే అమ్మకానికి పెట్టిన సరుక్కి బ్రాండ్ మార్చాలంటే ఆ ఇంటర్నెట్ అంగడివాళ్లు ఒప్పుకోవాల. కొత్త ప్యాకెట్ల ఫోటోలు పంపాల. ఓనర్ నువ్వే కాబట్టి నీకే ఫోన్ చేసి అడుగుతారు. ఎక్కడైనా తేడా వస్తే పాత రివ్యూలన్నీ పోతాయి."

"పోతే పోనీలే."

పద్మనాభన్‌కు ప్రాణం ఉసూరుమంది. పుణే ఇడ్లీలు కూడా పోతే పోనీలేనా?

కారణం ఆయనకు తెలుసు. మొన్న చుట్టాలింట్లో గృహప్రవేశానికి పోయినప్పుడు, విస్తరి ముందు కూర్చుని, నలుగురూ వింటుండగా, "ఎంతైనా మా అక్క చేతి పొడి పొడే" అనేశాడు. ఎదురు వరసలోనే అలమేలు ఉంది. అప్పుడేమీ అనలేదు. ఇంటికొచ్చినాక కూడా అనలేదు. కడుపులో పెట్టుకుని ఇప్పుడు ఇట్లా తీర్చుకుంటోందన్నమాట.

ఆ మధ్యాహ్నం అన్నం నిండా పప్పు పొడి కలుపుకుని, "ఇట్లాంటి పొడి మా వంశంలో ఎవరూ చేయలేదే" అన్నాడు. "నెయ్యి ఎక్కువ పోసుకుంటా ఉండారు. డాక్టరు వద్దన్నాడు కదా" అని ఆమె నేతిగిన్నె అవతలికి జరిపింది. సాయంత్రం మల్లెపూలు తెచ్చాడు. సగం దేవుడికి పెట్టి, సగం కోడలి జడలో తురిమింది.

నల్లంపల్లి నుంచి చింతపండు తెచ్చిన తిమ్మప్ప దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు.

"మా ఇంటిదానికి కోపమొస్తే ఒక పూట కూడు పెట్టదు, అంతే అన్నా," అన్నాడు తిమ్మప్ప, నవ్వు ఆపుకుంటూ. "నీ పేరే పెరికేస్తా ఉందంటే ఇది చిన్న కోపం కాదు. పోయి కాళ్లు పట్టుకో."

కాళ్లదాకా పోలేదు గానీ పద్మనాభన్ దాదాపు ఆ పని చేశాడు. మిరపకాయల తొడిమలు తీస్తున్న భార్య పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఏమే, ఆ పొద్దు నేను అన్నది తప్పే. అక్క పొడిలో ఉప్పెక్కువ. నా పేరు ఉండనీవే."

అలమేలు వింతగా చూసింది. "వదిన మాట ఇప్పుడెందుకు? దానికీ దీనికీ ఏమి సంబంధం? ఆ పేరుతో నేను పడే అవస్థ మీకు ఎట్ల తెలుస్తుంది?" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మిరపకాయల ఘాటో, ఏడుపో ఆయనకు అర్థం కాలేదు.

అవస్థ అన్న మాట మాత్రం సూటిగా గుండెలో దిగింది. తన పేరు కట్టుకుని ఆమె పడ్డవన్నీ వరసగా గుర్తొచ్చాయి. అమ్మ పెట్టిన ఆరళ్లు. తన కిరాణా అంగడి మూతబడినప్పుడు అమ్మేసిన గాజులు. అన్నీ ఓర్చుకుని, చివరికి పిండి మరకు పోయి నిలబడి పొడులు కొట్టించి ఇంటిని నిలబెట్టింది. పైన పేరు మాత్రం తనది. పద్మనాభన్‌కు సిగ్గేసింది, దానికంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. తీసెయ్యనీ, కొండే ఉండనీ అనుకున్నాడు.

పేరు మార్చమని అభినయ అర్జీ పెట్టిన వారానికి, అలమేలు గుడికి పోయినప్పుడు ఇంట్లో ఆమె ఫోన్ మోగింది. ఇంటర్నెట్ అంగడి ఆఫీసు నుంచట, కీర్తిక అనే అమ్మాయి. అలమేలు లేదనీ, తాను ఆమె భర్తననీ చెప్పాడు. పెట్టేయబోయి, ఉండబట్టలేక అడిగాడు.

"ఏమ్మా, ఆ పేరు తీసేయడం అయిపోయిందా?"

"ఎక్కడ సార్," అంది కీర్తిక నీరసంగా. "ఓనర్ మీరే అని రుజువు కావాలి, పాత బ్రాండ్ పేరు ఒక్కసారి నోటితో చెప్పండి మేడమ్ అని ఫోన్ చేసిన ప్రతిసారీ బతిమాలుతున్నాం, 'అది చెప్పలేకే కదా పాపా మార్చమనేది, కట్టుకున్నాయన పేరు పెండ్లాం నోట ఎట్ల వస్తుంది' అని పెట్టేస్తున్నారు."