మూడో కిటికీ దగ్గర మనిషి

"నువ్వు ఏసుబాబు కూతురు జెస్సీవి కదమ్మా?"

జెస్సీ ఉలిక్కిపడింది. కోడుమూరులో బస్సెక్కినప్పటి నుంచి ఆ ముసలాయన తననే చూస్తున్నాడు. తెల్లగడ్డం, మాసిన పంచె, కాళ్ల మధ్య ఒక సంచి. ఎన్నడూ చూసిన మొహం కాదు.

"మీకెట్ల తెల్సు?"

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంకా దగ్గరికి వంగాడు. జెస్సీ కిటికీకి అతుక్కుపోయింది.

"నా పేరు మీకెట్ల తెల్సు?"

"అది చెప్పకూడదమ్మా," అని నవ్వాడు. ముందు పళ్లు రెండు లేవు.

చెప్పకూడని సంగతి ఏముంటుంది? ఆమె ఫైలు గుండెలకు హత్తుకుంది. అసలే ఆరోజు భయానికేం కొదవ లేదు. కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పాలి. పోయిన నెల ఇంకో కాలేజీలో బోర్డు ముందు నిలబడగానే గొంతు పెగల్లేదు. ఐదు నిమిషాలు సుద్దముక్క పట్టుకుని నిలబడి, ఏడుస్తూ బయటికొచ్చింది. ఈసారీ అంతే అయితే ఇంక పాఠం చెప్పే ఊసే ఎత్తనని అమ్మ ముందు ఒట్టు పెట్టి బయలుదేరింది.

"ఈ పొద్దు ఏం పాఠం చెప్తావమ్మా?"

పాఠం సంగతి కూడా తెలుసన్నమాట!

కర్నూలు బస్టాండులో దిగీ దిగగానే ఆటో ఎక్కింది. కాలేజీ గేటు దగ్గర దిగి వెనక్కి చూస్తే ఇంకో ఆటోలోంచి అదే పంచె, అదే సంచి దిగుతున్నాయి.

ఆమె పరుగులాంటి నడకతో లోపలికి పోయింది.

పెద్ద హాలు. అరవై మంది పిల్లలు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ హేమావతి. జెస్సీ బోర్డు మీద శీర్షిక రాసింది: మార్గరెట్ థాచర్ రాజకీయ, ఆర్థిక విశ్వాసాలు.

మైకు అందుకుని ఇటు తిరిగింది. మూడో కిటికీ చువ్వల మధ్య నుంచి ముసలాయన చూస్తున్నాడు. చెవి కిటికీ వైపు ఒగ్గి మరీ నిలబడ్డాడు.

గొంతు మళ్లీ మూసుకుపోయింది.

"ఏమైందమ్మా?" అంది ప్రిన్సిపాల్.

"ఆ మనిషి... పొద్దున్నుంచి నా వెంట పడుతున్నాడు మేడమ్."

వాచ్‌మన్ ఆంజనేయ వచ్చి ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. సంచి చేజారి వరండాలో పడింది.

"ఏమప్పా, ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదా?"

"పాప పాఠం చెప్తాదంటే ఇనిపోదామని వచ్చినాప్పా..."

"నడువు, నడువు!"

ముసలాయన ఎదురు చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి, "బయపడొద్దమ్మా, చెప్పు," అని మాత్రం అన్నాడు.

మనిషి కనుమరుగయ్యాక జెస్సీకి ఊపిరాడింది. ఊపిరితో పాటు గొంతూ వచ్చింది. ఇక చూడాలి ఆమె వాక్ప్రవాహం!

"సర్కారు ఎంత చిన్నదైతే మనిషి అంత ఎదుగుతాడని ఈ బ్రిటన్ ప్రధాని నమ్మింది. అందుకే ప్రభుత్వ కంపెనీలను ప్రైవేటుకు అమ్మింది. సర్కారు ఇళ్లను అద్దెకున్నవాళ్లకే అమ్మి సొంతదార్లను చేసింది. పన్నులు తగ్గించింది, కార్మిక సంఘాల పట్టు సడలించింది. ఎవరి బతుక్కు వాళ్లే పూచీ అంది."

అంజలి అనే అమ్మాయి లేచింది. "ఎవరి సాయమూ లేకుండా ఎవరైనా పైకొస్తారా మేడమ్?"

"రారా? నేను రాలేదా? మాది కూలి ఇల్లు. ఇంటర్ నుంచి ఎమ్మే దాకా ఏడేళ్లు నా మార్కులు చూసి చర్చి స్కాలర్‌షిప్ ఇచ్చింది. నేను ఒకరి ముందు చెయ్యి చాచలేదు!"

చప్పట్లు మోగాయి. వచ్చే సోమవారం నుంచి రమ్మంది ప్రిన్సిపాల్.

జెస్సీ గేటు దాకా వచ్చి, భయంభయంగా అటూ ఇటూ చూసింది.

"పోయినాడా?"

"పోయినాడు మేడమ్," అన్నాడు ఆంజనేయ. "గేటు మీదుండే ఈ స్పీకరు కిందనే చెవికి చెయ్యి పెట్టుకొని అంతా ఇన్నాడు. పాప బాగా చెప్తాంది, ఎవురి ముందరా చెయ్యి సాపలేదంట అని ఒకటే సంబరం."

"ఆ సంచిలో ఏముండె?"

"బియ్యం. కిందపడినవి వంగి ఒక్కొక్క గింజా ఏరుకున్నాడు. నేను ఊడుస్తాలేప్పా అంటే, ఇది నాది కాదు, దేవునిది అన్నాడు."

జెస్సీ వెనక్కి నడిచింది. మూడో కిటికీ కింద బండల సందులో కొన్ని గింజలు మిగిలి ఉన్నాయి. లావు రేషన్ బియ్యం, సన్న సోనా బియ్యం, నాలుగు కొర్రలు.

ఒక ఇంటి బియ్యం అలా ఉండవు. ఎసట్లో పోసే ముందు గుప్పెడు తీసి చర్చి కోసం పెట్టిన కుండలో వేయడం ఆమె అమ్మకూ అలవాటే. వారానికోసారి చర్చి సంఘం మనిషి వచ్చి ఇంటింటా పోగుచేసుకుని పోతాడు. వాటిని కర్నూలులో అమ్మితే వచ్చే డబ్బు చర్చిది.

మళ్లీ భయం వేసింది. ఈసారి ముసలాయనంటే కాదు. తమ ఊరి చర్చి పాస్టరుకు ఫోన్ చేసింది.

"అయ్యగారూ, తెల్లగడ్డం, ముందు పళ్లు లేని ఒక పెద్దాయన..."

"దాసన్న వచ్చినాడా? పక్క ఊరి సంఘం మనిషమ్మా. చెవులు పోతాండాయి ఆయనకు. పూర్తిగా పోకముందే నీ పాఠం ఒక్కసారి వినాలని ఆశపడితే, ఈ పొద్దు నీ డెమో ఉందని నేనే చెప్పినా. కూర్చోబెట్టినావా?"

జెస్సీ బండల సందులోని గింజల వైపు చూసింది.

"ఆయనెవరు అయ్యగారూ?"

"ఇచ్చినోళ్ల పేరు తీసుకున్నోళ్లకు చెప్పకూడదని మన సంఘం కట్టుబాటు. అయినా ఇంక చదువైపోయింది కదా, చెప్తా. నువ్వు ఇంటర్‌లో చేరిన ఏడాదే చర్చికి మిషన్ వాళ్ల నుంచి వచ్చే స్కాలర్‌షిప్ ఆగిపోయింది. అప్పటి నుంచి నిన్ను చదివించింది ఆ ముసలాయన నాలుగు ఊర్లలో గడపగడపకూ పోయి, నీ కోసం చెయ్యి చాచి తెచ్చిన గుప్పెడు బియ్యమే తల్లీ."