బకెట్‌లో గుడ్డలు

“ఆ బకెట్ ఇటు తే.”

“నేను ఉతికేస్తాలెండి అత్తయ్యా.”

“మెషినుండగా చేత్తో ఉతకడమేంటి? అంత దాచిపెట్టాల్సిన బంగారమేముంది అందులో?”

పదిరోజులుగా ఇదే వరస. ఈసారి అత్తగారు మాటలతో ఆగలేదు. బకెట్‌లోంచి ఒక గుడ్డ లాగింది. నాలుగు మడతలు పెట్టిన మెత్తటి నూలుగుడ్డ. వాసన చూసింది.

ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులో ఆయాగా చేసిన మనిషి. పాలమరక ఆవిడ ముందు దాగదు.

“పెళ్ళయి ఆరేళ్ళు. కడుపు పండింది లేదు, కాన్పయింది లేదు. ఈ పాలెక్కడివే?”

కోడలు గుడ్డ లాక్కుని కుళాయి తిప్పింది.

“నువ్వు వార్డు మానేసి పదేళ్ళయినా వార్డు నిన్ను వదల్లేదే,” అన్నాడు మామగారు పేపరు వెనకనుంచి.

“మీరూరుకోండి! పెళ్ళికి ముందు ఏం వెలగబెట్టిందో తేలాలి. సాయంత్రం దీని పుట్టింటివాళ్ళని పిలిపిస్తాను. ఈ దిగులుతోనే కాదూ నా కొడుకు అలా అయిపోయింది! మొన్న డ్యూటీలో బస్సుని స్తంభానికి రాసుకునేలా తోలాడు. ఇంత ఉక్కలోనూ ఆ జర్కిన్ విప్పడు.”

కోడలు వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. పప్పుడబ్బా వెనక చెయ్యిపెట్టి మాత్రల అట్ట తడిమింది. తెచ్చి మూడువారాలైంది, ఒక్క మాత్రా తియ్యలేదు.

డాక్టరమ్మ మాటలు చెవుల్లో గింగురుమంటున్నాయి.

“మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. దాంట్లో గడ్డ లేచింది. పాలు ఊరేలా చేసే హార్మోను అందుకే ఎక్కువైంది. కాన్సరు కాదు, భయపడకండి. వారానికి రెండు మాత్రలు. ఎక్కువమందికి వాటితోనే గడ్డ చిక్కిపోతుంది, పాలు ఆగిపోతాయి. పిల్లలు కలగకపోవడానికీ ఇదే కారణం కావచ్చు. ఆలస్యం మాత్రం చెయ్యకండి. గడ్డ కంటి నరాన్ని నొక్కుతోంది.”

ఆసుపత్రి మెట్లు దిగుతూనే భర్త ఒట్టు వేయించుకున్నాడు. “ఇంట్లో తెలిస్తే నేను తలెత్తుకోలేను. మాత్రలు కంటపడితే అమ్మ ఇట్టే పసిగట్టేస్తుంది. కొన్నాళ్ళు ఆగుదాం.”

తను ఆగింది. గడ్డ ఆగుతుందా?

సాయంత్రం భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి అత్తగారు ఫోను పట్టుకుని సిద్ధంగా ఉంది.

“వచ్చావా? నీ ఎదురుగానే మాట్లాడతాను వాళ్ళతో. ఇక దీన్ని ఈ ఇంట్లో ఉంచేది లేదు.”

కోడలు వంటింట్లోంచి వచ్చింది. ఒక్క ముక్క చెప్పలేదు. ఒట్టు ఒట్టే. మాత్రల అట్ట, గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి అందరి మధ్యా బల్లమీద పెట్టింది.

“ఏంటివి?” అంది అత్తగారు.

భర్త అట్టవంక చూశాడు. పెళ్ళాంవంక చూశాడు. తల్లి చేతిలోంచి ఫోను తీసి పక్కన పెట్టాడు.

“ఎవర్నీ పిలవొద్దమ్మా,” అన్నాడు మెల్లగా. “రేపట్నుంచి నేను బస్సు తోలను. డిపోలో చెప్పేస్తాను.”

“దీనికోసం ఉద్యోగం మానేస్తావట్రా?”

అతను జర్కిన్ విప్పి, చొక్కాలోంచి నాలుగు మడతల తడిగుడ్డ తీసి తల్లి చేతిలో పెట్టి, మొదటి మాత్ర తను వేసుకున్నాడు.