ముళ్ళపంది ఇల్లమ్మిన వైనం

గుట్ట పక్కన శూలపాణి అనే ముళ్ళపందికి చల్లటి బొరియ ఉండేది. పిల్లలు ఎదిగి చోటు చాలక, వానలు పడేలోగా దాన్ని అమ్మేసి పెద్దది చూసుకోవాలనుకున్నాడు. యాత్రికులు మరిచిపోయిన కెమెరా ఒక కోతికి దొరికిందని తెలిసి, ఫొటోలు తీయమని పిలిపించాడు.

"నేను నిలబడితేనే ఇంటికి కళ," అంటూ గుమ్మం నిండా ముళ్ళు విప్పుకుని నిలుచున్నాడు. లోపల గదిలోనూ అలాగే నిలుచున్నాడు.

"ఏమండీ, ఆ ఎంగిలి దుంపలైనా ఎత్తనివ్వండి," అంది భార్య కంటకమ్మ.

"నేనుండగా దుంపల్ని ఎవరు చూస్తారే?" అని కసిరాడు.

ఫొటోలు అడవంతా తిరిగాయి. ఒక్కరూ రాలేదు. "అడవిలో రసికులే కరువయ్యారు," అని శూలపాణి నిట్టూర్చాడు.

తొలివాన రోజు ఒక కుందేలు తలదాచుకోవడానికి లోపలికొచ్చి నోరు తెరిచింది. "ఇంత చక్కటి ఇల్లా! ఫొటోల్లో ముళ్ళకంప తప్ప ఏమీ కనబడలేదు బాబాయ్. నిన్ననే వాగు పక్కన చిత్తడి బొరియ కొనుక్కున్నాం."

కంటకమ్మ మొగుడి వంక గుర్రుగా చూసింది.

శూలపాణి కాసేపు ఆలోచించి కోతికి మళ్ళీ కబురంపాడు. "ఈసారి దగ్గరగా తియ్యరా. నా మొహం సరిగ్గా పడలేదు."