లిహందా తాత తేనెటీగలు

“చెయ్యి తియ్యి! ఆ మూత ముట్టుకున్నావో, మర్యాద దక్కదు.”

ఈగల మీద పరిశోధన చేసే ఆయుమా చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. లిహందా తాత, చూరు కింద వేలాడుతున్న తొర్ర దుంగలకు అడ్డంగా నిలబడ్డాడు. దుంగల కన్నాల్లోంచి కొండి లేని చిన్న తేనెటీగలు వచ్చిపోతున్నాయి.

“ఓ ఇరవై ఈగలు చాలు తాతా. నైరోబీలో మా యంత్రం వాటి జన్యువుల్ని అక్షరం అక్షరం చదివేస్తుంది. మన కకమేగా అడవి ఈగల్ని మన దేశంలోనే చదవబోతున్నాం.”

“చదివి ఏం ఒరగబెడతారు? పోయినేడు సర్కారు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇవి రెండు రకాలయ్యా అంటే నవ్వాడు. పుస్తకంలో ఒకటే ఉందట. ఒకటే అయితే పక్క అడవిలోనూ ఉంటాయి కదా, ఇక్కడి ముసలి చెట్లు కొట్టేసినా నష్టం లేదని రాసిపోయాడు.”

“నాకూ అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి మరి.”

“కళ్లతో చూస్తే అంతే. ముక్కు పెట్టి చూడు. ఈ దుంగలో తేనె దగ్గుకి, ఆ దుంగలోది పుండుకి. మా అమ్మకి తెలిసింది మీ పుస్తకానికి తెలీలేదు.”

“అందుకే వచ్చాను తాతా. నువ్వన్నది నిజమైతే ఆ చెట్ల మీద గొడ్డలి పడదు. కాకపోతే ఆ మాటా నీ మొహం మీదే చెప్తా.”

తాత ఆమెను ఎగాదిగా చూశాడు.

“నేనే పట్టిస్తా. నువ్వక్కడ కూచో.”

దుంగకో సీసా చొప్పున ఈగల్ని పట్టి, రెండు సీసాలూ తీసుకుని ఇంటి వెనక్కి వెళ్లినవాడు గంటకు గానీ రాలేదు.

నాలుగు నెలలకు ఆయుమా మళ్లీ వచ్చింది. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. తాత ఉడికిన చిలగడదుంప చేతిలో పెడితే కొరకబుద్ధి కాలేదు.

“పుస్తకం తప్పు తాతా. ఒకటే రకం కాదు.”

“చెప్పానా!”

“ఆగు. నువ్వన్నదీ తప్పే. రెండు కాదు, మూడు. రెండో సీసాలో ఒక్క ఈగ మాత్రం వేరే. యంత్రం పొరబడిందేమోనని మూడుసార్లు చదివించాను. మూడుసార్లూ అదే మాట. వాటిలో రెండు రకాలు ఎక్కడా, ఎవరూ రాసినవి కావు. చెట్లు కొట్టొద్దని నిన్ననే సర్కారు కాగితం వచ్చింది.”

శుభవార్తే. అయినా ఆమె తలెత్తలేకపోయింది. పుట్టిందగ్గర్నుంచి ఈగలతోనే బతికిన మనిషికి, నీకు తెలిసింది సగమేనని చెప్పాల్సి వచ్చిందే అని మనసు పీకుతోంది.

తాత మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆయుమా కంగారుగా చూసింది. బోసినోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

“ఆ ఒక్కదాన్ని నేనే కలిపానే పిల్లా, నీ యంత్రం నిజం చెప్తుందో లేదో చూద్దామని. పద, మిగతా నాలుగు రకాలూ చూపిస్తా!”