తప్పుల మాస్టారు

"చూశారా బావగారూ! ఆ వంతెన కట్టింది మా అధికార పార్టీయే!"

టీవీలో ఏడింటి వార్తలు మొదలయ్యాయో లేదో, పక్క గది మాస్టారు కుర్చీ లాక్కుని బైఠాయించాడు. గది ఈ భార్యాభర్తలది, టీవీ వీళ్లది, కరెంటు బిల్లు వీళ్లది. రిమోటు మాత్రం ఆయన చేతిలో! ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

మంచం మీద దిండ్లకి ఆనుకున్న భర్త మొహం జేవురించింది. కదిలే ఒక్క చేత్తో దుప్పటిని పిడికిట బిగించాడు.

"కా...కాదు! మే...మేము!"

"మీరా? మీ ప్రతిపక్షం వాళ్లు కట్టింది బస్టాండు కదండీ!"

"బస్టాండు కా...దు! వం...తెన!"

"ఇక ఆపండి మాస్టారూ, ఆయనకి బీపీ పెరుగుతుంది" అందావిడ.

"రాజకీయమన్నాక ఆ మాత్రం ఉంటుంది చెల్లెమ్మా. టీ ఏదీ?"

టీ కూడానా! ఆవిడ పళ్లు నూరుకుంటూ గ్లాసు తెచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టింది.

ఒకప్పుడు ఆవిడ భర్తని అందరూ 'మైకు' అనేవారు. ప్రతిపక్ష పార్టీ సభ ఎక్కడ జరిగినా ఆయన గొంతు మోగాల్సిందే. అలాంటి గొంతు పక్షవాతంతో మూగబోయింది. ఆ తర్వాతే ఇద్దరూ రిటైరైన వాళ్లుండే ఈ కాలనీకి వచ్చారు. మాటలు నేర్పే డాక్టరమ్మ వారం వారం వచ్చి బొమ్మల అట్టలు చూపించేది. "తాతగారూ, ఇదేంటి? పిల్లి. అనండి, పిల్లి." సభలు దద్దరిల్లించిన మనిషి పిల్లి అంటాడా? మొహం గోడకి తిప్పేసుకునేవాడు.

"మాట్లాడాలని ఆయనకే అనిపించాలమ్మా. ఇలాగే ఊరుకుంటే ఉన్న మాట కూడా పోతుంది" అని డాక్టరమ్మ చెప్పిన రోజు ఆవిడ స్టవ్ దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

పుండు మీద కారంలా ఇప్పుడీ మాస్టారొకడు. కింద హాల్లో గోడంత టీవీ ఉన్నా, పనిగట్టుకుని ఈ గదికే వస్తాడు. పోనీ తెలిసి మాట్లాడతాడా అంటే అదీ లేదు. మంత్రుల పేర్లు తప్పు, పథకాల పేర్లు తప్పు. జీవితమంతా ఒకటో తరగతికి పాఠాలు చెప్పాడట. ఆ పిల్లలు ఏమైపోయారో పాపం! మొన్న ఉపఎన్నికలో అధికార పార్టీ గెలిచిన రోజు ఒక్కటే ఆయన రాలేదు. తలనొప్పట. ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

మర్నాడే మళ్లీ తయారు.

"బావగారూ, మీ నాయకుడు మా పార్టీలోకి దూకేస్తున్నాడట కదా!"

"అ...బద్ధం! నో...రు ముయ్!" అని భర్త చేతికందిన గ్లాసు విసిరాడు. అది తలుపుకి తగిలి భళ్లుమంది.

ఆవిడ తిన్నగా కాలనీ మేనేజరు దగ్గరికి పోయింది. "ఆ మాస్టారు మా గడప తొక్కకూడదు. తొక్కాడంటే మేమే ఖాళీ చేసి పోతాం!"

మేనేజరు చెప్పాడు. మాస్టారు మారుమాట లేకుండా తలూపాడు.

పీడ విరగడైందనుకుంది. రెండ్రోజులు గది ప్రశాంతంగానే ఉంది. ఆ తర్వాత ఆ ప్రశాంతతే ఆవిడకి భయం పుట్టించింది. వార్తలు తనే పెట్టింది. యాంకరు గొంతు చించుకున్నాడు. భర్తలో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"వంతెన అధికార పార్టీదేనంటున్నాడండీ" అని తనే ఎగదోసింది. ఆయన గుడ్లప్పగించి తలుపు వైపు చూశాడు.

డాక్టరమ్మ వచ్చి పరీక్షించి నొసలు చిట్లించింది. "ఏమైందమ్మా? పోయినసారి మాటకి మాట కలుపుతున్నారే! మళ్లీ మొదటికొచ్చారేంటి?"

ఆవిడకి చెంప ఛెళ్లుమన్నట్టయింది.

డాక్టరమ్మ మెట్లు దిగకముందే వెళ్లి పక్క గది తలుపు కొట్టింది. ఎలా మొదలెట్టాలో తెలియక రుసరుసలాడుతూనే అనేసింది. "రండి మాస్టారూ. మీ పార్టీని ఎంత పొగుడుకుంటారో పొగుడుకోండి. టీ కూడా ఇస్తాను. ఆయన మాట్లాడితే చాలు నాకు."

మాస్టారు గబగబా చెప్పులేసుకున్నాడు. "ఒకటో తరగతి ఇంతే చెల్లెమ్మా. ఒప్పు చెబితే ఒక్కడూ నోరు తెరవడు. అదే తప్పు చెప్పి చూడు, క్లాసంతా అరుస్తుంది."

ఆవిడ తన గది వైపు దారి తీసింది.

మాస్టారు వరండాలో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "బావగారికి మాత్రం ఎప్పటికీ తెలియనివ్వకు."

"ఏది?"

"నాదీ ఆయన పార్టీయే."